ఈ ఫార్మాట్‌కు మద్దతు లేదు

పట్నాయక్ మాస్టారిని బదిలీ చేసిన కాగితమూ, ఆయనకు బదులుగా లెక్కలు చెప్పబోయే నలభై రెండు ఆటపెట్టెలూ పెసలవలస ఉన్నత పాఠశాలకు ఒకే ఆటోలో వచ్చాయి. పెట్టెలు దింపుకున్నాక మాస్టారు అదే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. బండి ఖాళీగా తిరిగి వెళ్ళకుండా ప్రభుత్వం ఎంత ముందుచూపుతో ఆలోచించిందో చూడండని హెడ్మాస్టరు సన్యాసినాయుడు గారు మిగతా పంతుళ్ళతో అన్నారు. ఆయన పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలుంది. అప్పటిదాకా ప్రభుత్వం ఏం చేసినా ఆయనకు ముందుచూపుగానే కనిపిస్తుంది.

పథకం పేరు 'ఆటే పాఠం'. పుస్తకం చూస్తే పిల్లలు ఆవలిస్తున్నారనీ, ఆటపెట్టె చేతికిస్తే కళ్ళు ఆర్పడం కూడా మరిచిపోతున్నారనీ రాజధానిలో ఎవరో కనిపెట్టారు. అలాంటప్పుడు పాఠాన్ని తీసుకెళ్ళి ఆటపెట్టెలో పెడితే సరిపోతుంది కదా అనుకున్నారు. పెట్టె అరచేతికన్నా కొంచెం పెద్దది. నడుమ తెర, ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తులాంటి మీట, కుడి బొటనవేలి కింద నాలుగు గుండ్రటి మీటలు. లోపల గోరంత కార్డు. ఆ కార్డులో పదో తరగతి లెక్కలన్నీ వీడియోలుగా ఉన్నాయట. పెట్టెలు చేరిన బడిలో లెక్కల మాస్టారు 'మిగులు' అవుతారు. మిగిలినవారిని జిల్లా కార్యాలయానికి చేరవేస్తారు.

ఆ రోజు పదో తరగతిలో నలభై రెండు పెట్టెలూ ఒక్కసారే వెలిగాయి. వాటిలో ముందే ఉన్న కప్ప ఆట అద్భుతంగా పనిచేసింది. కప్ప ఆకు మీంచి ఆకు మీదికి దూకుతుంటే నీళ్ళ చప్పుడు కూడా వినిపించింది. తర్వాత సన్యాసినాయుడు గారు గొంతు సవరించుకుని, "ఇక లెక్కలు నొక్కండి" అన్నారు. నలభై రెండు బొటనవేళ్ళు నొక్కాయి. నలభై రెండు తెరల మీదా నీలం రంగు గడి ఒకటి వచ్చి నిలబడింది. అందులో ఇలా ఉంది: 'ఎంపీ4 - ఈ ఫార్మాట్‌కు మద్దతు లేదు.'

"మళ్ళీ నొక్కండి."

మళ్ళీ నొక్కారు. మద్దతు మళ్ళీ లేదు.

"నెమ్మదిగా నొక్కండర్రా, ప్రభుత్వ వస్తువు" అన్నారాయన. నెమ్మదిగా నొక్కినా లేదు.

మిగతావాళ్ళు కప్ప ఆటకు మళ్ళినా, మూడో బెంచీ చివర కూర్చున్న మజ్జి ఇందుమతి ఇంకా లెక్కల మీటే నొక్కుతోంది. ఇందుమతి మాట్లాడే పిల్ల కాదు. బడిలో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. అయితే ఆమె చేతిరాత చూడని అధికారి ఆ జిల్లాలో లేడు. సన్యాసినాయుడు గారి రాత ఆయనకే అర్థం కాదు కాబట్టి బడి ఉత్తరాలన్నీ ఆ పిల్ల చేతే రాయించేవారు. అన్ని సబ్జెక్టుల్లోనూ ఆమె బాగానే గట్టెక్కుతుంది, ఒక్క లెక్కల్లో తప్ప. అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పలేదు. పట్నాయక్ మాస్టారికి చెప్పనక్కర లేకపోయేది. ఆయన లెక్క పూర్తి చేసి వెనక్కి తిరిగి ఒక్కొక్క ముఖమే చూసేవారు. చూసి, "మూడో బెంచీలో రైలు ఆగిపోనాది" అని బోర్డు తుడిచి మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఇంటి దగ్గర అమ్మ రమణమ్మ జీడిబట్టీలో పిక్కలు కొడుతుంది. పిక్కల రసానికి ఆమె వేళ్ళు నల్లగా కమిలి, వేలిముద్ర అడిగే మిషన్ మీద ముద్రే పడకుండా పోయింది. ఆ రోజు సంగతి విని ఆమె కేకలేమీ వేయలేదు. "లెక్కల్లో పాసైతే పాలిటెక్నిక్కి పంపుతానన్నాను, పంపుతాను. పోతే మాత్రం నా పక్కన పీట ఖాళీగానే ఉన్నాది మరి" అంది. మార్చిలో పరీక్షలు. అప్పుడు ఆగస్టు.

మర్నాడు సన్యాసినాయుడు గారు ఇందుమతిని పిలిచి జిల్లా కార్యాలయానికి ఉత్తరం రాయించారు. 'తమరు దయతో పంపిన పరికరములు ఎంతయో శోభాయమానముగా వెలుగుచున్నవి. కప్ప ఆట నిరాటంకముగా సాగుచున్నది. లెక్కల పాఠములు నొక్కినపుడు మాత్రము ఈ ఫార్మాట్‌కు మద్దతు లేదు అని తెలుపుచున్నవి.' రాస్తుంటే ఇందుమతికి ఆ మాటలన్నీ పాత చెక్కబీరువాలోంచి తీసినట్టు వాసన వేశాయి.

పందొమ్మిది రోజులకు జవాబొచ్చింది. కింద సంతకం ఉపసంచాలకులు చక్రపాణి గారిది.

'సదరు పాఠశాల నుండి వచ్చిన నివేదిక తెల్లకాగితముపై యున్నది. నిర్దేశిత ఫార్మాట్‌లో లేదు. ఫార్మాట్‌కు మద్దతు లేదని పరికరము ముందుగానే హెచ్చరించినను ప్రధానోపాధ్యాయులు గమనింపకపోవుట విచారకరము. ఇందువెంట ఫార్మాట్ జతపరచడమైనది. మూడు ప్రతులు పంపవలెను.'

సన్యాసినాయుడు గారు నుదురు కొట్టుకున్నారు. "చూశావేటే ఇందూ! పెట్టె చెబుతూనే ఉన్నాది, మనమే వినిపించుకోలేదు. ఫార్మాటంటే ఇదన్నమాట. గళ్ళ కాగితం."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయనకు తెలిసిన ఫార్మాట్ అదొక్కటే. మీద నుంచి వస్తుంది, గళ్ళుంటాయి, నింపి పంపాలి. వీడియోకి కూడా ఒక ఫార్మాట్ ఉంటుందని ఆయనకు ఎవరూ ఉత్తర్వు పంపలేదు. ఇందుమతికి అనుమానం వచ్చింది గానీ, అనుమానానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆ జవాబు మడిచి పెట్టబోతూ వెనక్కి తిప్పి చూసిందామె. వెనక పెన్సిలుతో సన్నటి అక్షరాలు. 'రెండో మెట్టులో గుర్తు మార్చలేదు. రైలు వేగం రుణాత్మకం ఎలా అవుతుందే? మళ్ళీ చెయ్యి.'

అవి పట్నాయక్ మాస్టారి అక్షరాలు. జరిగిందేమిటంటే, బళ్ళో తెల్లకాగితాలు అయిపోయి, మొదటి ఉత్తరాన్ని ఇందుమతి తన చిత్తుకాగితం వెనక రాసింది. ఆ చిత్తులో ఆమెకు తెగని రైలు లెక్క ఉంది. జిల్లా కార్యాలయంలో పెట్టెల మీద వచ్చే ఫిర్యాదులు అందుకునే పని పట్నాయక్ మాస్టారికి అప్పగించారు. తాను చెప్పే పాఠం పెట్టె చెప్పడం లేదన్న కాగితం మీద తేదీ ముద్ర వేయడం ఆయన ఉద్యోగం. ముద్ర వేసేటప్పుడు కాగితం తిప్పి చూశారు, జవాబు ముద్రకొచ్చినప్పుడు దాని వెనక రాశారు, అంతే.

అప్పట్నుంచి ఇందుమతి పాఠశాల నివేదికల పట్ల అమితమైన శ్రద్ధ కనబరిచింది. "సార్, ఇంకో ఫిర్యాదు రాద్దామా?" అని తనంతట తనే అడిగేది. ముందు వైపు ఫిర్యాదు, వెనక వైపు లెక్క. పందొమ్మిది రోజులకు ముందు వైపు మందలింపూ, వెనక వైపు జవాబూ వచ్చేవి. ఒకసారి లెక్కతో పాటు రెండు ముక్కలు ఎక్కువ రాశారాయన: 'ఇక్కడ రెండో అంతస్తులో నాతో కలిపి మిగులు మాస్టార్లం మూడు వందల పన్నెండు మందిమి. కుర్చీలు రెండు వందలు. వంతులవారీగా కూర్చుంటున్నాం.'

ఇందుమతి కూర్చుని లెక్క కట్టింది. పుస్తకంలో ఇంకా తెగనివి రెండు వందల పన్నెండు. ఒక్కోదానికి పందొమ్మిది రోజులు. నాలుగు వేల ఇరవై ఎనిమిది రోజులు. పరీక్ష పదకొండేళ్ళు వాయిదా వేస్తే తప్ప కుదరదు. ఆ గుణకారం మాత్రం ఒక్కసారికే సరిగ్గా వచ్చింది.

గళ్ళ కాగితం మూడు ప్రతులూ పంపినా నీలం గడి కదల్లేదు. చక్రపాణి గారు ఈసారి సమస్యను లోతుగా పరిశీలించారు. 'ఫార్మాట్ సక్రమముగానే యున్నది. కావున లోపము మద్దతులో యున్నట్లు తేటతెల్లమగుచున్నది. మద్దతు లేకుండా ఏ పథకమును విజయవంతము కాజాలదు. గ్రామములో మద్దతు సమీకరణ సదస్సు నిర్వహింపవలెను. నేను స్వయముగా హాజరగుదును.'

పంచాయతీ కార్యాలయం ముందు షామియానా వేశారు. సర్పంచి జమ్మాలమ్మ ముందు వరసలో కూర్చుంది. బల్ల మీద శాలువా పరిచి, శాలువా మీద ఒక ఆటపెట్టెను కూర్చోబెట్టి, దానికి బంతిపూల దండ వేశారు. చక్రపాణి గారు జీపు దిగారు. సఫారీ సూటు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఇంకో గుర్తింపు కార్డు.

"గ్రామ ప్రజలారా! పరికరం తన బాధ్యత తాను నిర్వర్తించింది. మద్దతు లేదని నిర్మొహమాటంగా తెలియజేసింది. ఇంత నిజాయితీ గల పరికరాన్ని నేను నా సర్వీసులో చూడలేదు. ఇప్పుడు బాధ్యత మనది. ఎంపీ ఫోర్‌కు మీరు మద్దతు ఇస్తున్నారా, లేదా?"

జనంలో కదలిక పుట్టింది. వెనకనుంచి ఓ పెద్దాయన లేచాడు. "బాబూ, ఎంపీ ఫోరంటే నాలుగో ఎంపీయేటండి? మనకున్నదొక్కడే గదా. ఆడే ఎలచ్చన్లకి గాని కనపడ్డు. మరో ముగ్గురెప్పుడొచ్చీసినారు?"

"అదేటి మావా, ఆడికి మద్దతు నేదని ప్రబుత్వం పెట్టే సెప్పీసిందంటే ఇంక మనం సెప్పేదేటి?" అని మరొకడు అందుకున్నాడు. షామియానా మొత్తం నవ్వింది.

చక్రపాణి గారి ముఖంలో రంగు మారింది. ప్రభుత్వ పరికరం మీద ఒక ప్రజాప్రతినిధికి మద్దతు లేదని రాసి ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. దండను కాస్త కిందికి లాగి తెర కప్పేశారు. "ఇది రాజకీయాలకు అతీతమైన ఎంపీ" అన్నారు.

జమ్మాలమ్మ లేచి, "నాకు సదువు రాదు గాని బాబూ, ఒకటడుగుతాను. పిల్లలకి లెక్కలు సెప్పేది ఎవులికి మేలు? అందరికీ మేలే. మరి సేతులెత్తడానికి ఏడుపెందుకు? ఎత్తండర్రా" అంది. అందరూ ఎత్తారు. తీర్మానం రాశారు. ఇందుమతే రాసింది. 'ఎంపీ4 ఫార్మాట్‌కు పెసలవలస గ్రామ ప్రజలు బేషరతుగా మద్దతు ప్రకటించడమైనది.'

చక్రపాణి గారు దండ పక్కకు జరిపి, చప్పట్ల మధ్య, లెక్కల మీట నొక్కారు.

'ఈ ఫార్మాట్‌కు మద్దతు లేదు.'

చప్పట్లు ఆగిపోయాయి. అధికారి జనం వైపు తీక్షణంగా చూశారు. "ఎవరో ఒకరు చెయ్యి ఎత్తలేదు. పరికరం అబద్ధం చెప్పదు."

వెతికారు. షామియానా కర్రకు ఆనుకుని ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. ఇద్దరు పట్టుకుని ఆయన చెయ్యి పైకెత్తారు. ఆయన కళ్ళు తెరవకుండానే, "పింఛనుకేనా నాయనా?" అన్నాడు. మళ్ళీ నొక్కారు. లేదు.

"చేతులు ఎత్తారు గానీ మనస్ఫూర్తిగా ఎత్తలేదు. ఇది లోతైన విషయం" అని చక్రపాణి గారు నిట్టూర్చి జీపెక్కారు.

ఇదంతా టీ బడ్డీ పక్కన నిలబడి చూసినవాడు గవరయ్య. సెల్‌ఫోన్లలోకి పాటలు ఎక్కించే కొట్టు అతనిది. జనం వెళ్ళిపోయాక ఇందుమతిని చూసి, "ఏటి పాపా, దీనికి చేతులెత్తించీసినారా? పెట్టెకి తెలిసిన బాస వేరు, కార్డులో ఉన్న బాస వేరు. బాస మార్చాల. టీ చల్లారేలోగా అయిపోద్ది. ఏదీ, కార్డు ఓపాలి ఇలాగియ్యి" అన్నాడు.

ఇందుమతి వెంటనే పరుగెత్తుకెళ్ళి తన పెట్టె తెచ్చింది. అందులో కార్డు తీసి గవరయ్య కంప్యూటర్లో పెట్టాడు. మార్చి తిరిగి పెట్టెలో వేసేసరికి అతని టీ ఇంకా వేడిగానే ఉంది. పెట్టెలో బొమ్మ కదిలింది. కోటు వేసుకున్న ఒకాయన చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. మాట మాత్రం వినిపించలేదు. ఇందుమతి వెళ్ళి పక్కింటి కుమారి పెట్టె పట్టుకొచ్చింది. అందులో మాట వచ్చింది, బొమ్మ రాలేదు.

గవరయ్య రెండూ తిప్పి చూశాడు. "ఇయి రెండు కంపెనీలయి. ఒక దానికి చెవి నేదు, ఒక దానికి కన్ను నేదు. ఈటి రాత అంతే పాపా."

మర్నాటికి నలభై రెండు కార్డులూ భాష మారి వచ్చాయి. ఇరవై ఒక్కటి చూపే పెట్టెలు, ఇరవై ఒక్కటి పలికే పెట్టెలు. పిల్లలు జంటలుగా కూర్చున్నారు. ఒకరి పెట్టె వింటూ ఇంకొకరి పెట్టె చూడాలి. ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కాలి. నొక్కడానికి సన్యాసినాయుడు గారు ఈల వేశారు. మొదటిసారి మాట ముందు వచ్చి పెదవులు తర్వాత కదిలాయి. నాలుగో ఈలకు కుదిరింది.

కోటాయన మాట్లాడుతున్నాడు. "ఈ మహత్తరమైన, చారిత్రాత్మకమైన పథకాన్ని..." ఇందుమతి కాపీ తెరిచి, పైన 'లెక్కలు' అని రాసి, ఎదురు చూసింది. పది నిమిషాలు గడిచాయి. పథకానికి స్ఫూర్తినిచ్చినవారి పేర్లు చెప్పాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. కాపీలో ఏమీ పడలేదు. నలభయ్యో నిమిషంలో ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇక మనం పాఠంలోకి ప్రవేశిద్దాం. సెలవు. నమస్కారం" అన్నాడు. తెర నల్లబడింది.

తర్వాతి వీడియో పెట్టారు. అదే కోటు, అదే మాట. నలభై ఎనిమిది పాఠాల్లోనూ అదే ముందుమాట నలభై ఎనిమిదిసార్లు ఉంది. పాఠం ఎక్కడా లేదు.

ఇందుమతి పెట్టెను బల్ల మీద బోర్లా పెట్టింది. ఇన్నాళ్ళూ ఒక తలుపు ముందు నిలబడి, తాళంచెవి పట్టక, తాళం తీస్తే చాలనుకుంది. తాళం తీశాక తెలిసింది, వెనక గది లేదని.

సన్యాసినాయుడు గారు నిజాయితీపరుడు. పరికరాలు పని చేశాయని నివేదిక పంపారు. జవాబు పందొమ్మిది రోజులు కాదు, రెండే రోజుల్లో వచ్చింది.

'ప్రభుత్వము నిర్దేశించిన ఫార్మాట్‌ను ఒక పాటల దుకాణదారు మార్చుట తీవ్రముగా పరిగణింపబడుచున్నది. ఈ రోజు పాఠము ఫార్మాట్ మార్చినవారు రేపు సెలవుచీటీ ఫార్మాట్ మార్చరని హామీ ఏమి? నలభై రెండు పరికరములను మద్దతు లేని పూర్వస్థితికి తక్షణమే తీసుకొనివచ్చి, పనిచేయుట లేదని ధ్రువీకరించవలెను.'

గవరయ్య పూర్వస్థితికి తెచ్చాడు. సన్యాసినాయుడు గారు ఒక్కొక్క పెట్టే నొక్కి, ఒక్కొక్క నీలం గడి చూసి ఊపిరి పీల్చుకున్నారు. 'నలభై రెండు పరికరములును సంపూర్ణముగా పనిచేయుట లేదని సంతోషముతో తెలియజేయుచున్నాను' అని రాయించారు. జిల్లాలో మొట్టమొదటిగా పూర్వస్థితి సాధించిన పాఠశాలగా అభినందన పత్రం వచ్చింది. దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టారు. దాని వెనక పెన్సిలు రాత ఉందేమోనని ఇందుమతి అద్దం కట్టకముందే చూసింది. లేదు. ఆ నెల మాస్టారికి కుర్చీ వంతు రాలేదేమో.

నవంబరు చివరికొచ్చింది. సరళ రేఖలూ వర్గ సమీకరణాలూ తమంతట తాము సగం అర్థమైనట్టు అనిపించి, త్రికోణమితి దగ్గర ఇందుమతి పూర్తిగా ఆగిపోయింది. రమణమ్మ బట్టీలోని ఖాళీ పీటను ఇంటికి తెచ్చి, తుడిచి గోడకు ఆనించింది. కోపంతో కాదు. "మార్చి దాకా చూద్దాం. నువ్వు బెంగెట్టుకోకు" అంది. ఆ బెంగెట్టుకోకు అన్న మాటకే ఇందుమతికి ఎక్కువ బెంగ వేసింది.

ఆ వారంలోనే కార్యాలయం నుంచి అనుబంధం వచ్చింది. 'సదరు పాఠశాల పరికరములు మద్దతు ఇచ్చు ఫార్మాట్ల వివరములు. ఏ గడియు ఖాళీగా వదలరాదు. ఖాళీ గడి యున్న యెడల ప్రధానోపాధ్యాయుల ఇంక్రిమెంటు నిలుపుదల చేయబడును.'

"ఏ ఫార్మాట్టూ నడవదు కదా, ఏటి రాస్తాం?" సన్యాసినాయుడు గారు తల పట్టుకుని కూర్చున్నారు. "నా వల్ల కాదే ఇందూ. నువ్వు చూసి ఏదో ఒకటి నింపీ."

ఇందుమతి ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. అరగంటకు కాగితం తెచ్చి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు.

"ఫార్మాట్ పేరు: పట్నాయక్." ఆయన ఆగారు. ఆమె వైపు చూశారు. ఆమె నేల వైపు చూసింది. "శబ్దం వచ్చునా: వచ్చును, చివరి బెంచీ వరకు. దృశ్యం వచ్చునా: వచ్చును, సుద్దముక్కతో సహా. శబ్ద దృశ్యముల పొందిక: పెదవి కదిలినప్పుడే మాట వచ్చును, ఈల వేయనక్కర లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూచు సదుపాయం: ఉన్నది, ముఖము చూచి అడగకముందే తిరుగును. ఎంతసేపు నడుచును: ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం నాలుగు వరకు, నడుమ ఒక టీ. ముందుమాట నిడివి: లేదు. మద్దతు: నలభై రెండు మంది. ప్రస్తుతం ఎచ్చట భద్రపరచబడినది: జిల్లా కార్యాలయము, రెండవ అంతస్తు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నన్ను సస్పెండు చేయిస్తావేటే?"

ఇందుమతి కాగితం మీద వేలు పెట్టి చూపింది. "గడులన్నీ నిండాయండి, సార్."

నిజమే. ఒక్క గడీ ఖాళీ లేదు. నిండిన గడిని ఎవరైనా చదవగా ఆయన ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఖాళీ గడినే వెతుకుతారు. ఆయన సంతకం చేశారు.

పందొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. 'సదరు పాఠశాల నివేదించిన పట్నాయక్ అను ఫార్మాట్ పరిశీలించడమైనది. అన్ని గడులలోను సంతృప్తికరముగా యున్నది. దీనిని తక్షణమే పాఠశాలకు పంపి, పరికరములకు రెండు అడుగుల దూరములో నుండునట్లు చూడవలెను. అందిన వెంటనే చెక్కుచెదరలేదని రసీదు పంపవలెను.'

బస్సు దిగిన పట్నాయక్ మాస్టారు సన్నబడ్డారు. చేతిలో సంచీ, సంచీ మీద అంటించిన చీటీ: 'ఫార్మాట్. ఎండ తగలనీయరాదు.' సన్యాసినాయుడు గారు ఆయన్ను చుట్టూ తిరిగి చూసి, చెక్కుచెదరలేదని రాసి, రసీదు ఇచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

ఉత్తర్వును అక్షరాలా పాటించారు. ఒక పెట్టెను బల్ల మీద వెలిగించి పెట్టి, దానికి రెండడుగుల దూరంలో మాస్టారు నిలబడి త్రికోణమితి చెప్పేవారు. ఆదివారాలు కూడా పాఠం నడిచింది. ఒకసారి బోర్డు చివరికెళ్ళి ఎత్తులూ దూరాలూ గీస్తుంటే, "మాస్టారూ, మూడడుగులైపోయిందండి" అని పిల్లలు అరిచారు. ఆయన పెట్టెను ఎత్తుకుని తనతో పాటు బోర్డు చివరికి తీసుకెళ్ళారు.

జనవరిలో చక్రపాణి గారి దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. నెలవారీ పరీక్షలో జిల్లా మొత్తం మీద లెక్కల్లో నిలబడింది పెసలవలస ఒక్కటేనట. 'పట్నాయక్ ఫార్మాట్ సాధించిన విజయము గర్వకారణము. కావున సదరు ఫార్మాట్‌ను కాపీ చేసి మిగిలిన మూడు వందల పదకొండు పాఠశాలలకు నెలాఖరులోగా పంపవలెను. కాపీలలో స్పష్టత తగ్గరాదు.'

సన్యాసినాయుడు గారు ఆ కాగితం పట్టుకుని తరగతి గుమ్మం దాకా వెళ్ళి, బోర్డు దగ్గర సుద్దపొడిలో నిలబడ్డ మాస్టారిని చూసి, కాగితం మడుచుకుని వెనక్కి వచ్చారు. "మూడు వందల పదకొండు పట్నాయక్‌లంట. ఏటి చెబుదామే?"

ఇందుమతి కలం తీసుకుంది. ఈసారి ఆయన చెప్పకముందే రాసింది.

'కాపీలు చేయనక్కర లేదు. ఒక్కొక్క పాఠశాలకు చెందిన అసలు ఫైలు తమ కార్యాలయం రెండవ అంతస్తులోనే భద్రముగా యున్నది. మూడు వందల పదకొండును పనిచేయు స్థితిలో యున్నవి. కుర్చీలు చాలక కొన్ని నిలబడి యున్నవి. ఎచ్చటివి అచ్చటికి పంపిన యెడల ఫార్మాట్ మార్చు పని యుండదు.'

ఆయన చదివారు. కుర్చీలో వెనక్కి వాలారు. పదవీ విరమణకు అప్పటికి ఇంకా ఆరు నెలలుంది.

"ఇది ఆరికి అర్థమైపోతే ఏటవుతాదో తెలుసా? మన మాస్టారు మనకొచ్చీసినారు కదా, ఊరుకుంటే పోలా? వాళ్ళందర్ని పంపించాలని మనకెందుకే?"

"అక్కడ కూడా పదో తరగతులుంటాయి కదండి" అంది ఇందుమతి. ఈసారి నేల వైపు చూడలేదు.

సన్యాసినాయుడు గారు కలం మూత తీశారు. ఉత్తరం అడుగున ముప్పై ఏళ్ళుగా అలవాటైన చోట, ఇందుమతి తన గుండ్రటి అక్షరాలతో 'ఇట్లు తమ విధేయుడు' అని రాసి ఉంచింది. ఆయన ఆ 'విధేయుడు' మీద ఒక గీత గీసి, 'ప్రధానోపాధ్యాయుడు' అని పక్కన రాసి, కింద సంతకం పెట్టారు. ఆ ఒక్క మాటా ఆయన సొంత చేతిరాతే అయినా అందరికీ అర్థమయ్యేలా వచ్చింది.